క్రాంక్ సెన్సర్ తీసి మళ్లీ బిగించాక ఇంజను తిరుగుతోంది కాని అందుకోవడం లేదు

ప్రశ్న – నూనెమరక

అందరికీ నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. కొన్నాళ్లుగా ఇంజను బ్లాకు వెనక వైపున, ఆయిల్ ఫిల్టరుకు కాస్త పైన, ఇంజనాయిలు చెమ్మగా కనిపిస్తోంది. టార్చి వేసి చూస్తే ఆ చెమ్మ క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ దూర్చిన రంధ్రం దగ్గర మొదలై కిందికి జారుతున్నట్లు తేలింది. సెన్సర్ మెడకు ఉండే రబ్బరు ఓ-రింగు గట్టిపడి ఉంటుందని అనుకుని, కొత్త రింగు తెచ్చుకుని, నిన్న నేనే పనికి పూనుకున్నాను.

సెన్సర్‌ను పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. దాన్ని విప్పి, సెన్సర్‌ను కాస్త అటూ ఇటూ తిప్పుతూ లాగితే వచ్చేసింది. దాని కొనను గుడ్డతో తుడిచి, కొత్త రింగుకు ఇంజనాయిలు రాసి, మళ్లీ దూర్చి బోల్టు బిగించాను. కనెక్టర్ కూడా టిక్కుమనే దాకా నొక్కాను. అంతకు మించి వేరే దేన్నీ ముట్టుకోలేదు.

ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజను చురుగ్గానే తిరుగుతోంది కాని ఒక్కసారి కూడా అందుకోవడం లేదు. తాళం తిప్పగానే పెట్రోలు పంపు రెండు క్షణాల (సెకన్ల) పాటు మోగి ఆగిపోతోంది. లోపాల కోడులు చదివే స్కానర్ పెడితే పీ0335 అనే కోడు ఒక్కటే వస్తోంది. తీసే ముందు రోజు వరకు బండి తొలి సెల్ఫ్‌కే అందుకునేది. తీసేటప్పుడు సెన్సర్‌ను నేనే పాడు చేశానా, లేక తిరిగి బిగించాక కంప్యూటర్‌కు ఏదైనా నేర్పించాలా, లేక నా మిత్రుడు అంటున్నట్లు టైమింగ్ (పిస్టన్లకూ వాల్వులకూ ఉండే పొందిక) పక్కకు జరిగిపోయిందా అన్నది తెలియక అడుగుతున్నాను.

సమాధానం – ఓం మీటరు

మీ మిత్రుడి సందేహాన్ని ముందు పక్కన పెట్టేయవచ్చు. క్రాంక్ సెన్సర్ కేవలం పక్కన నిలబడి తిరిగే చక్రాన్ని చూసే కన్ను లాంటిది. దాన్ని తీసినంత మాత్రాన టైమింగ్ బెల్టు గాని చైను గాని ఒక్క పన్ను కూడా జరగదు. నేర్పించడం అనేది కొన్ని బండ్లలో ఉన్న మాట నిజమే కాని, అది చాలావరకు మిస్‌ఫైర్‌ను, అంటే సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడాన్ని, సూక్ష్మంగా పసిగట్టడానికి ఉద్దేశించినది. అది చేయనంత మాత్రాన ఇంజను అసలే అందుకోకుండా ఉండడం అరుదు.

పీ0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం అని మాత్రమే అర్థం, సెన్సర్ చెడిపోయిందని కాదు. సెన్సర్, దాని వైర్లు, కనెక్టర్ పిన్నులు, ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్), సెన్సర్ ఎదుట తిరిగే పళ్ల చక్రం, ఆ రెంటి నడుమ ఉండే ఖాళీ, ఇవన్నీ ఆ ఒక్క కోడు కిందికే వస్తాయి. ఈసీయూకు క్రాంక్ సంకేతం అందకపోతే పిస్టన్ ఎక్కడుందో దానికి తెలియదు. తెలియనప్పుడు చాలా ఇంజన్లలో అది స్పార్కూ ఇవ్వదు, ఇంజెక్టర్లనూ తెరవదు. పెట్రోలు పంపు కూడా తాళం తిప్పగానే రెండు క్షణాలు ఆడి, ఇంజను తిరుగుతున్నట్లు కబురు రాకపోయేసరికి ఆగిపోతుంది. కాబట్టి మీరు విన్న పంపు మోత బాగున్నా, అసలు లోపం అక్కడ లేదని దాన్నిబట్టి తేల్చలేము.

కొత్త సెన్సర్ కొనే ముందు ఈ నాలుగు పనులు చేసి వివరాలు రాయండి. మొదటిది, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) ఎంత చూపిస్తోందో గమనించండి. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మవద్దు, ఎందుకంటే కొన్ని బండ్లలో అది సెల్ఫ్ సమయంలో కదలనే కదలదు. రెండవది, పది క్షణాలు సెల్ఫ్ కొట్టాక ఒక ప్లగ్గు విప్పి చూడండి. అది పొడిగా ఉండి పెట్రోలు వాసన కూడా లేకపోతే ఇంజెక్టర్లు తెరుచుకోవడం లేదని తెలుస్తుంది. మూడవది, మీ సెన్సర్‌కు ఎన్ని వైర్లు ఉన్నాయో చెప్పండి. రెండే అయితే అది చాలావరకు అయస్కాంతమూ తీగచుట్టా ఉన్న ఇండక్టివ్ రకం. మూడు ఉంటే సాధారణంగా హాల్ రకం, అంటే ఈసీయూ నుంచి 5 వోల్టులో 12 వోల్టులో అందితే గాని పని చేయనిది. అయితే ఇండక్టివ్ రకంలోనూ తీగకు కవచంగా మూడవ వైరు ఉండే బండ్లు ఉన్నాయి గనుక, మీ బండి సర్వీసు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోవాలి. నాలుగవది, ఇండక్టివ్ రకమే అయితే కనెక్టర్ తీసి సెన్సర్ పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో నిరోధం కొలవండి. బండిని బట్టి కొన్ని వందల ఓములు మొదలుకొని వెయ్యి దాటి కూడా ఉంటుంది. సున్నా వస్తే లోపల షార్ట్, అనంతం చూపిస్తే లోపల తీగ తెగింది. హాల్ రకాన్ని మాత్రం ఓములలో కొలవవద్దు. దానిలో ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది కాబట్టి వచ్చే అంకెకు అర్థమూ ఉండదు, చిప్‌కు క్షేమమూ కాదు.

ఒక జాగ్రత్త చెబుతాను. వైరింగ్ వైపున్న కనెక్టర్‌లోని ఆడ పిన్నులోకి మల్టీమీటర్ మొనను బలంగా గుచ్చకండి. ఆ మొన పిన్ను కంటే లావుగా ఉంటుంది. ఒక్కసారి విచ్చుకుందంటే పిన్ను పట్టు సడలి, లేని లోపాన్ని మనమే తెచ్చిపెట్టుకున్నవాళ్లమవుతాము.

సమాధానం – పాతబండి

ఇంత కొలతలు ఎందుకండీ. నా బండికీ సరిగ్గా ఇలాగే అయింది. పాత సెన్సర్లు వేడికి పెళుసెక్కి ఉంటాయి, తిప్పి లాగగానే లోపలి తీగ తెగిపోతుంది. కొత్తది వేశాను, అందుకుంది. ఆ ముందు ఒకసారి బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పావుగంట ఆగి పెట్టండి, ఈసీయూ జ్ఞాపకం తుడుచుకుపోతుంది.

సమాధానం – ఖాళీజాగా

పాతబండి గారి అనుభవాన్ని కాదనను, పెళుసెక్కిన సెన్సర్ లాగేటప్పుడు విరిగిన సందర్భాలు నేనూ చూశాను. కాని బ్యాటరీ తీస్తే కోడు చెరిగిపోతుందే తప్ప కోడు రావడానికి కారణమైన లోపం చెరగదు. పైగా ఏ కోడు ఏ స్థితిలో నమోదైందో చెప్పే వివరం కూడా దానితోపాటే పోతుంది. వెదుకుతున్న దొంగ అడుగుజాడలను మనమే తుడిచేసినట్లు అవుతుంది. దయచేసి ఇప్పుడే ఆ పని చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు చెప్పిన ఒక వాక్యం దగ్గర నా మనసు ఆగింది. పాత రింగు తీసి కొత్త రింగు వేశానని ఆయన ఎక్కడా అనలేదు. కొత్త రింగుకు ఆయిలు రాసి దూర్చానని మాత్రమే అన్నారు. సెన్సర్ బయటికి వచ్చినప్పుడు పాత రింగు దాని మెడకే ఉందా? గట్టిపడిన రింగు తరచుగా రెండు ముక్కలై, ఒక ముక్క సెన్సర్‌తో వచ్చి రెండవది రంధ్రం అంచున ఉన్న వాలులోనే ఉండిపోతుంది. దాని మీద కొత్త రింగుతో సెన్సర్‌ను దూర్చి బోల్టు బిగిస్తే, సెన్సర్ చెవి (బోల్టు దూరే రెక్క) బోల్టు ఉన్న వైపు అంటుకుని రెండవ వైపు లేచి నిలుస్తుంది. కంటికి బిగిసినట్లే కనిపిస్తుంది.

అది ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా రాస్తాను. చాలా ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే చక్రానికి 60 పళ్లకు చోటు ఉంటుంది, కాని ఉండేవి 58 మాత్రమే. లేని రెండు పళ్ల ఖాళీని బట్టి మొదటి పిస్టన్ ఎక్కడుందో ఈసీయూ లెక్క కడుతుంది. ఒక్కొక్క పన్నూ 6 డిగ్రీల తిరుగుడుకు గుర్తు. ఇండక్టివ్ సెన్సర్ కొనకూ ఆ పళ్లకూ మధ్య ఉండవలసిన ఖాళీ ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. పన్ను దగ్గరికి వచ్చి దూరంగా పోతున్నప్పుడు అయస్కాంత క్షేత్రం మారి తీగచుట్టలో వోల్టేజి పుడుతుంది. ఆ వోల్టేజి పన్ను వేగాన్ని బట్టి పెరుగుతుంది, ఖాళీ పెరిగేకొద్దీ చాలా త్వరగా పడిపోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను నిమిషానికి 200 చుట్లు తిరుగుతోందనుకుంటే, సెన్సర్ ఎదుట క్షణానికి దాదాపు 200 పళ్లు మాత్రమే పోతాయి. అదే 3,000 చుట్ల వేగంలో క్షణానికి దాదాపు 3,000. అంటే సెన్సర్‌కు అన్నిటికంటే కష్టమైన పరీక్ష సెల్ఫ్ కొట్టే ఆ కొద్ది క్షణాలే. పరుగెత్తుతున్నప్పుడు సరిపోయే సంకేతం లేచేటప్పుడు సరిపోకపోవచ్చు. మాటిమాటికీ సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించుకుంటే ఇంజను ఇంకా నెమ్మదిగా తిరిగి సంకేతం ఇంకా చిన్నదవుతుంది. కనుక ముందు బ్యాటరీని చార్జి చేసుకోండి, ఒక్కొక్క సెల్ఫ్ పది క్షణాలకు మించనీయకుండా నడుమ ఒక నిమిషం స్టార్టర్‌ను చల్లారనివ్వండి.

రెండు వైర్ల రకమే అయితే ఓములతో ఆగకండి. తీగ బాగున్నదీ లేనిదీ ఓములు చెబుతాయి గాని, ఖాళీ సరిగా ఉన్నదీ లేనిదీ చెప్పలేవు. కనెక్టర్ తీసి, మీటరును ఏసీ వోల్టులలో పెట్టి, సెన్సర్ రెండు పిన్నులకు తగిలించి, వేరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. సాధారణంగా అర వోల్టుకు తగ్గకుండా రావాలి.

ప్రశ్న అడిగినవారి తాజా వివరం – నూనెమరక

ఇద్దరికీ ధన్యవాదాలు. రాత్రంతా బ్యాటరీని చార్జి చేశాను, ఇప్పుడు 12.6 వోల్టులు ఉంది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.4 దగ్గర నిలుస్తోంది. లైవ్ డేటాలో ఆర్‌పీఎం సున్నా, మధ్యమధ్య 60 అని మెరిసి మళ్లీ సున్నా. ప్లగ్గు ఎండిన చెక్కముక్కలా పొడిగా ఉంది, పెట్రోలు వాసన అసలు లేదు. సెన్సర్‌కు రెండు వైర్లే. నిరోధం 870 ఓములు, ఏ పిన్నుకూ ఇంజను ఎర్తుకూ మధ్య సంబంధం లేదు. ఏసీ వోల్టులు మాత్రం 0.08 నుంచి 0.1 దాటడం లేదు.

ఖాళీజాగా గారి ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పాలి. సెన్సర్ బయటికి వచ్చినప్పుడు దాని మెడకు రింగు లేదు. ఆయిలు కారుతోంది కదా, ఏనాడో అరిగి ఊడిపోయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

సమాధానం – ఓం మీటరు

అయితే ఖాళీజాగా గారు చెప్పిన చోటికే వెళ్లండి. 870 ఓములు అంటే తీగచుట్ట క్షేమంగా ఉంది, ఎర్తుకు అంటలేదు, కనెక్టర్ తీసి నేరుగా సెన్సర్ దగ్గరే కొలిచారు గనుక వైరింగుకూ ఈసీయూకూ ఈ తక్కువ వోల్టేజితో పని లేదు. ఇక మిగిలినవి సెన్సర్ అయస్కాంతం, ఖాళీ, పళ్ల చక్రం. నిన్న మొన్నటిదాకా బాగా నడిచిన బండిలో, మీరు చేయి పెట్టిన మరుక్షణం మారగలిగినది ఖాళీ ఒక్కటే.

ఇప్పుడే విప్పకుండా ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సెన్సర్ చెవికీ బ్లాకుకూ మధ్య చుట్టూరా ఒక కాగితం ముక్కను దూర్చి చూడండి. సరిగా కూర్చుంటే ఎక్కడా దూరకూడదు. బోల్టును ఇంకా బిగించి చెవిని కిందికి దించాలని మాత్రం ప్రయత్నించవద్దు. చెవి ప్లాస్టిక్కు, విరిగిందంటే అప్పుడు పాతబండి గారి సలహాయే మిగులుతుంది.

అడ్డుప్రశ్న – వేడినీళ్లు

ఇదే తరహా సమస్య కనుక ఇక్కడే అడుగుతున్నాను, మన్నించండి. నేను కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తీసి దాని మరను శుభ్రం చేసి బిగించాను. కనెక్టర్ పెట్టడం మరచిపోయి, ఇంజను గోరువెచ్చగా ఉండగానే స్టార్ట్ చేస్తే అందుకుంది. మరునాటి ఉదయం మాత్రం ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు, సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన కొడుతోంది. కనెక్టర్ పెట్టాక కూడా లేవడం లేదు.

సమాధానం – ఓం మీటరు

మీది సరిగ్గా తలకిందుల కేసు. పైన ఆయనది ప్లగ్గు పొడి, మీది ప్లగ్గు తడి. కూలెంట్ సెన్సర్‌లో ఉండేది వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే రకం. విరివిగా వాడే ఒక రకంలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల దగ్గర 300 పైచిలుకు ఉంటుంది. కనెక్టర్ ఊడితే నిరోధం అనంతమవుతుంది, దాన్ని ఈసీయూ మైనస్ 40 డిగ్రీల చలిగా చదువుకుంటుంది, పీ0118 నమోదు చేస్తుంది. ఆ తరువాత ఏం చేయాలన్నది కంపెనీ కంపెనీకి తేడా. కొన్ని ఊహించిన వేడిని పెట్టుకుని నడుపుతాయి, కొన్ని ఆ చలిని నమ్మి పెట్రోలు కుమ్మరిస్తాయి. మీ ఇంజనులో ఓవర్‌ఫ్లో అయినట్లు వాసనే చెబుతోంది. కనెక్టర్ పెట్టాక కూడా లేవకపోవడానికి కారణం తడిసిన ప్లగ్గులే. యాక్సిలరేటర్‌ను పూర్తిగా చివరిదాకా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా బండ్లలో అలా చేస్తే ఈసీయూ ఇంజెక్టర్లను మూసేసి గాలిని మాత్రమే పంపిస్తుంది. అందుకోగానే కాలు తీసేయండి. అప్పటికీ లేవకపోతే ప్లగ్గులు విప్పి ఆరబెట్టక తప్పదు. అన్నట్లు, కూలెంట్ సెన్సర్‌ను వేడి ఇంజనులో విప్పే సాహసం ఇంకెప్పుడూ చేయకండి. ఆ నీళ్లు ఒత్తిడితో ఎగజిమ్ముతాయి.

ఈ చర్చలోకి వచ్చే ఇతరుల కోసం మరొకటి. థ్రాటిల్, మానిఫోల్డ్ ప్రెషర్ వంటి మూడు వైర్ల సెన్సర్లు చాలావరకు ఒకే 5 వోల్టుల సరఫరాను పంచుకుంటాయి. తీసి పెట్టేటప్పుడు వైరు నలిగి ఎర్తుకు తగిలితే ఆ ఒక్క సెన్సర్ కాదు, వరుసంతా పడుకుంటుంది. హాల్ రకం క్రాంక్ సెన్సర్ కూడా అదే సరఫరా మీద ఉంటే ఇంజను అసలే లేవదు. అప్పుడు 5 వోల్టుల వైరు మీద మీటరు ఉంచి సెన్సర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీయండి. ఏది తీయగానే వోల్టేజి తిరిగి వస్తుందో లోపం ఆ సెన్సర్ దగ్గర ఉంది. అన్నీ తీసినా రాకపోతే వైరింగు వెదకాలి. ఆక్సిజన్ సెన్సర్, నాక్ సెన్సర్ వంటివి తీసినంత మాత్రాన మాత్రం ఇంజను లేవకుండా పోదు. అవి తీశాక బండి ఆగిపోతే ఫ్యూజు పోయిందో, పక్కన ఇంకేదైనా ఊడిందో చూడాలి.

ప్రశ్న అడిగినవారి చివరి వివరం – నూనెమరక

బండి లేచింది. కాగితం పరీక్ష దగ్గరే సగం పని అయిపోయింది. బోల్టు వైపు కాగితం దూరలేదు, దానికి ఎదురు వైపు మాత్రం రెండు మడతలు పెట్టినా సాఫీగా లోపలికి పోయింది. సెన్సర్ తీసి రంధ్రంలోకి చిన్న అద్దం పెట్టి టార్చి వేస్తే, అంచు వాలులో నల్లగా, కత్తిరించిన గోరులా వంపు తిరిగిన రబ్బరు తునక ఒకటి అంటుకుని ఉంది. చెక్క పుల్లతో మెల్లగా గీకితే అది ఊడింది, దాని వెనకే మరో రెండు చిన్న ముక్కలు వచ్చాయి. అవి లోపలికి జారిపోకుండా రంధ్రంలో ముందుగా ఆయిలు తడిపిన గుడ్డను దూర్చి, తరువాత దాన్ని జాగ్రత్తగా బయటికి లాగాను. మూడు ముక్కలనూ బల్ల మీద పేర్చితే పూర్తి రింగు తయారైంది, కాబట్టి లోపల ఏమీ మిగల్లేదన్న ధైర్యం కలిగింది. సెన్సర్ కొనకు మొన్న తుడిచినా మళ్లీ సన్నని ఇనుప రజను మీసంలా పట్టి ఉంది, దాన్నీ తుడిచేశాను.

ఈసారి బోల్టు వేయకముందే, వేలితో నొక్కితే సెన్సర్ చెవి నాలుగు వైపులా బ్లాకుకు ఆనుకుని కూర్చుంది. ఏసీ వోల్టులు 0.72 వచ్చాయి. కనెక్టర్ పెట్టి సెల్ఫ్ కొడితే రెండు చుట్లు తిరిగీ తిరగక ముందే ఇంజను అందుకుంది, లైవ్ డేటాలో ఆర్‌పీఎం మొదటి క్షణంలోనే 210 చూపించింది. కోడు చెరిపి, రెండు రోజుల పాటు చల్లని ఇంజనుతోనూ వేడి ఇంజనుతోనూ ప్రయత్నించాను. పీ0335 మళ్లీ రాలేదు, ఆయిలు చెమ్మ కూడా ఆగింది.

ఒక్కటే మిగిలింది. ఇన్నిసార్లు తీసి పెట్టడంలో కనెక్టర్‌ను పట్టే ప్లాస్టిక్ కొక్కెం విరిగింది. ప్రస్తుతానికి నైలాన్ ట్యాగుతో కట్టాను. ఇది చాలునా?

సమాధానం – ఖాళీజాగా

కొన్నాళ్లకు చాలు, కాని శాశ్వతంగా వద్దు. అక్కడి వేడికి నైలాన్ ట్యాగు పెళుసెక్కి తెగుతుంది, కనెక్టర్ వదులైతే నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అదే కొలతలో కనెక్టర్ కప్పు విడిగా దొరుకుతుంది. పిన్నులను పాత కప్పులోంచి ఒక్కొక్కటిగా విడిపించి, ఏ వైరు ఏ గదిలో ఉందో ముందే ఫోటో తీసుకుని, అదే వరుసలో కొత్త కప్పులో దూర్చండి. ఆ రెండు వైర్లు తారుమారైతే సంకేతం తలకిందులై, ఈసీయూ ఖాళీ పళ్ల చోటును సరిగా గుర్తించలేక ఇంజను మళ్లీ మొండికేయవచ్చు.

సమాధానం – పాతబండి

ఈ చర్చ మొదటినుంచీ చదివాక నా పాత సెన్సర్‌ను షెడ్డులోంచి తీసి కొలిచాను. 910 ఓములు ఉంది. దాని మెడకూ రింగు లేదు.